ప్రీమియం పెట్రోలు మన బండికి అవసరమా? తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద నా అనుభవం

ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. పిల్లల చదువులు ఇక్కడే కాబట్టి ఇల్లు మార్చలేదు. వారంలో నాలుగైదు రోజులు చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు మీదుగా కారులో పోయి వస్తాను. పోనూ రానూ నూట నలభై కిలోమీటర్ల దాకా అవుతుంది. నెల జీతంలో ఇంటి అద్దె తర్వాత పెద్ద ఖర్చు పెట్రోలే.

నేను ఈ లెక్కలు రాసుకునేటప్పుడు మామూలు పెట్రోలు లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ ఉంది. ఇంజనుకు మేలని బంకుల్లో విడిగా అమ్మే ప్రీమియం రకం కావాలంటే దాని మీద ఇంకో ఏడెనిమిది రూపాయలు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు సెస్సు. ఆ 31 శాతం మూల ధర మీద పడుతుంది. అంటే ప్రీమియం కోసం మనం ఎక్కువగా ఇచ్చే డబ్బులో కూడా కొంత పన్నుకే పోతుంది. చిత్తూరు నుంచి గుడియాత్తం, కాట్పాడి వైపు పని మీద పోయేవాళ్లు తమిళనాడులో లీటరుకు ఎనిమిది, తొమ్మిది రూపాయలు తగ్గుతుందని అక్కడే ట్యాంకు నింపుకుని వస్తారు. ఆ తేడా కోసం అంత జాగ్రత్త పడే మనం, అంతే తేడాను ఇక్కడ బంకులో 'ప్రీమియం వేయమంటారా సార్' అని అడగ్గానే ఇచ్చేస్తున్నాం. దానికి తగ్గ ఫలితం ఉందో లేదో ఒకసారి తేల్చుకోవాలనిపించింది.

అనిపించడానికి ముఖ్య కారణం మా బావ. ఆయన కొత్త కారు కొన్నప్పటి నుంచి ప్రీమియం తప్ప వేరేది పోయించడు. 'ఇంజనుకు మంచిది, పికప్ వస్తాది, మైలేజీ కూడా పెరుగుతాది, నువ్వు రోజూ అంత దూరం తిరగతా ఎందుకు చూసుకోవడం లేదు' అని కలిసినప్పుడల్లా అనేవాడు. నా కారు 1.2 లీటర్ల వాగనార్. హైవే మీద లీటరుకు పద్దెనిమిదిన్నర దాకా ఇస్తుంది. రోజుకు ఏడున్నర లీటర్లు వేసుకున్నా, ప్రీమియానికి రోజుకు అరవై రూపాయలు ఎక్కువ. నెలకు వెయ్యి దాటుతుంది. వెయ్యి రూపాయలు ఊరికే పోయే సొమ్ము కాదు, అలాగని నిజంగా ఇంజను ఆయుష్షు పెరిగేటట్టుంటే పెద్ద సొమ్మూ కాదు.

ముందు కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీశాను. డాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద ఉంటుంది, చాలామంది ఇళ్లల్లో దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపి ఉండరు. ఇంధనం గురించిన పేజీలో 91 లేదా అంతకంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు వాడమని ఉంది. మా ఆవిడ యాక్టివా పుస్తకంలోనూ అదే 91.

ఈ ఆక్టేన్ నంబరు దగ్గరే అందరికీ తికమక. 91 కంటే 95, 95 కంటే 100 ఎక్కువ శక్తి ఉన్న పెట్రోలు అనుకుంటాం. ఆ నంబరుకూ శక్తికీ సంబంధం లేదు. సిలిండరులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ బాగా నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పు వెలిగించాక మంట ఒక వైపు నుంచి క్రమంగా పాకాలి. అది అవతలి అంచుకు చేరకముందే అక్కడి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తనే భగ్గుమంటే ఇంజనులో నుంచి రేకు డబ్బాలో శనగలు వేసి ఊపినట్టు గలగలమని చప్పుడు వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది గట్టిగా, ఎక్కువ రోజులు సాగితే పిస్టన్ దెబ్బతింటుంది. అలా ముందే భగ్గుమనకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే కొలతే ఆక్టేన్. ఐసో ఆక్టేన్ అనే పదార్థానికి 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా అని పెట్టుకుని, ప్రత్యేకమైన పరీక్ష ఇంజనులో పోల్చి ఈ నంబరు ఇస్తారు. ఎక్కువగా నొక్కే ఇంజనుకు, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఉన్న ఇంజనుకు ఎక్కువ ఓర్పున్న పెట్రోలు కావాలి. 91తోనే నాకింగ్ రాని ఇంజనుకు 95 పోస్తే ఆ మిగులు ఓర్పుతో అది చేసుకునేదేమీ లేదు.

అమెరికాలో మామూలు పెట్రోలు 87 అని ఉంటుంది కదా, మనది వాళ్ల కంటే మేలా అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. కొలిచే పద్ధతి వేరు. వాళ్లు రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు, మనం ఒక్క పరీక్ష నంబరే రాస్తాం. వాళ్ల 87 సుమారుగా మన 91కి సమానం. అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో ఇదే విషయం మీద పరీక్షలు చేయించింది. మామూలు పెట్రోలుకు తయారైన కార్లలో ప్రీమియం పోస్తే శక్తిలో గానీ మైలేజీలో గానీ పొగలో గానీ చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. అవసరం లేకుండా ప్రీమియం పోయించుకుని అమెరికా వాళ్లు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని లెక్క కట్టింది.

అది చదివాక కూడా నాకు తృప్తి కలగలేదు. వాళ్ల పెట్రోలు వేరు, మన ఎండలు వేరు, మన రోడ్లు వేరు. నా కారు మీద నేను చూసుకోవాలి.

చూసుకునే ముందు ఇంకో సంగతి తెలిసింది, అది ఈ మొత్తం లెక్కనే మార్చేసింది. బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాల కింద మామూలు పెట్రోలుకు కనీసం 91 ఆక్టేన్ ఉండాలన్నారు. ఇప్పుడు దానిలో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఆక్టేన్ 108 పైనే. అందువల్ల ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు ఈ20 పెట్రోలు ఆక్టేన్ 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో చెప్పింది. ఒకప్పుడు 91కీ 95కీ ఉన్న తేడా కోసం డబ్బులు పెట్టేవాళ్లం. ఆక్టేన్ వరకే చూస్తే ఆ తేడా ఇప్పుడు దాదాపు చెరిగిపోయింది. ప్రీమియం అయితే ఇథనాల్ ఉండదు కదా అని మా బావ వాదన. 95 నంబరు ప్రీమియంలోనూ ఇథనాల్ కలుస్తుంది.

మైలేజీ తగ్గిందని ఈ మధ్య అందరూ అంటున్నది ఇథనాల్ వల్లే. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ తన ఇథనాల్ నివేదికలోనే పాత డిజైన్ కార్లకు 6-7 శాతం, బైకులకు 3-4 శాతం మైలేజీ తగ్గవచ్చని రాసింది. ఆ బాధతో ప్రీమియం వైపు పోయేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ బాధ నిజమే. మందు మాత్రం అది కాదు.

ఇక నా పరీక్ష. పద్ధతి పాతదే, ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క. నాజిల్ తనంతట తను ఆగేదాకా పోయించడం, మీటరు సున్నా చేయడం, మళ్లీ నింపేటప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించడం. దీంట్లో మోసపోవడానికి చాలా సందులున్నాయి. అందుకే ఎప్పుడూ ఒకే బంకు, అదే పంపు, పొద్దున పూటే పోయించేవాడిని. ఆటో కట్ అయ్యాక 'రౌండ్ ఫిగర్ చేస్తా సార్' అంటే వద్దనేవాడిని. ప్రతి సోమవారం చల్లటి టైర్లకు గాలి చూపించేవాడిని. ఏసీ ఎప్పుడూ ఒకే నంబరు మీద. వేగం ఎనభై దాటకుండా. ముందు కొన్ని ట్యాంకులు మామూలు పెట్రోలు, తర్వాత కొన్ని ప్రీమియం, మళ్లీ మామూలుది. రకం మార్చినప్పుడు మొదటి ట్యాంకు లెక్కలోకి తీసుకోలేదు, అందులో పాతదీ కొత్తదీ కలిసి ఉంటాయి కాబట్టి. మీరు చేసి చూడాలనుకుంటే ఈ ఒక్కటి మర్చిపోకండి. ఒక్క ట్యాంకు పోయించి 'తేడా తెలిసింది' అనేవాళ్ల మాట మీద నాకు నమ్మకం పోయింది ఇక్కడే.

ఎంత పెరిగితే నష్టం లేదో ముందే రాసి పెట్టుకున్నాను. 110కి ఎనిమిది రూపాయలు కలిస్తే ధర ఏడు శాతం పైగా పెరిగినట్టు. నాకు పద్దెనిమిదిన్నర వచ్చేచోట దాదాపు ఇరవై రావాలి. అప్పుడే చెల్లుకు చెల్లు.

రాలేదు. మామూలు పెట్రోలుతో పద్దెనిమిది నుంచి పందొమ్మిది మధ్య ఆడింది, ప్రీమియంతోనూ ఆ మధ్యనే ఆడింది. ప్రీమియం ట్యాంకుల్లో ఒకదానికి పందొమ్మిది దాటింది. ఆ వారం ఆఫీసుకు వరుస సెలవులు, రోడ్డు ఖాళీ. మళ్లీ మామూలు పెట్రోలుకు వచ్చాక ఒక ట్యాంకు పందొమ్మిదికి వచ్చింది, ఆ వారం వాన పడి చల్లగా ఉంది, ఏసీ సరిగ్గా వేయనే లేదు. చంద్రగిరి దగ్గర రోడ్డు పని జరిగి గేర్లు మార్చుకుంటూ పోయిన వారం రెండిటి కంటే కిందికి పడిపోయింది. రాసుకున్న పుస్తకం చూస్తే ట్రాఫిక్, ఏసీ, టైర్లలో గాలి, ఈ మూడూ మైలేజీని ఆడించినంతగా పెట్రోలు రకం ఆడించలేదని స్పష్టంగా కనిపిస్తోంది. టైర్లలో నాలుగైదు పాయింట్లు గాలి తక్కువుంటే వచ్చే తేడా కూడా ప్రీమియం చూపించలేకపోయింది.

మైలేజీ సరే, పికప్ సంగతి? దీన్ని కొలవడం కష్టం, మనసు ముందే నిర్ణయం చేసేసుకుంటుంది. డబ్బులు ఎక్కువ ఇచ్చిన రోజు బండి తేలికగా పోతున్నట్టే ఉంటుంది. అందుకని యాక్టివా విషయంలో మా ఆవిడ సాయం తీసుకున్నాను. తనే వెళ్లి ఏదో ఒకటి పోయించుకుని వచ్చేది, ఏదో నాకు చెప్పేది కాదు, బిల్లు తన దగ్గరే ఉంచుకునేది. నేను బాలాజీ కాలనీ నుంచి యూనివర్సిటీ వైపు ఒక చుట్టు తిరిగి వచ్చి ఏది పోయించిందో చెప్పాలి. నా జవాబులు సగం కుదిరాయి, సగం కుదరలేదు. చీటీలు తీసి చెప్పినా అంతే కుదిరేవి.

తిరుమల ఘాట్ రోడ్డు ఉన్న ఊళ్లో ఉండి నాకింగ్ చూడకుండా ఎలా? ఇంజను మీద బరువు పడాలంటే ఎక్కుడు రోడ్డు కావాలి. ఎక్కడానికి వాడే రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది, దిగడానికి వాడేది విశ్వేశ్వరయ్య గారు రూపకల్పన చేసిన 1944 నాటి పాత రోడ్డు. అలిపిరి దగ్గర చెకింగ్ అయ్యాక సముద్రమట్టానికి 850 మీటర్లకు పైనున్న కొండ మీదికి ఏకంగా ఎక్కుడే. దర్శనానికి పోయిన రోజే, కారులో ఐదుగురం, డిక్కీలో సామాన్లు. మామూలు పెట్రోలు. చప్పుడు వినపడాలని అద్దం దించి, పాటలు ఆపి, ఇంజను మీద బరువు పెరగాలని ఏసీ వేసి ఎక్కాను. వెనక బండ్లు లేని చోట, మలుపు దాటాక రెండో గేరు పడాల్సిన ఎక్కుడులో మూడులోనే ఉంచి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజను బరువుగా మూలిగింది, లాగలేక వణికింది, కానీ గలగల చప్పుడు రాలేదు. రెండులోకి వేయగానే హాయిగా ఎక్కింది. తర్వాత ప్రీమియం ఉన్నప్పుడు పోయినా అంతే. ఇప్పటి ఇంజన్లలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది, చప్పుడు మన చెవికి చేరకముందే స్పార్క్ కొంచెం ఆలస్యంగా పడేటట్టు కంప్యూటర్ సర్దుతుంది. ఈ పరీక్ష మీరు చేయవలసిన పని లేదు. ఘాట్ మీద గేరు తగ్గించి ఎక్కడమే బండికీ, వెనక వచ్చేవాళ్లకీ మంచిది.

నాకింగ్ నిజంగా విన్నది మా బావమరిది పాత బైకు మీద. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఉన్న బండి, పదిహేనేళ్ల నాటిది. భాకరాపేట ఘాట్‌లో ఇద్దరం ఎక్కి పోతుంటే మూడో గేరులో గలగలమంటుంది. గేరు తగ్గిస్తే ఆగిపోతుంది. అతనికి ఎవరో చెబితే ప్రీమియం పోయించడం మొదలుపెట్టాడు. చప్పుడు కొంచెం తగ్గిందన్నాడు. నేనూ ఎక్కి చూశాను, తగ్గిన మాట నిజమే. నా పరీక్షలన్నిటిలో ప్రీమియం పనిచేసిన చోటు ఇదొక్కటే కాబట్టి ఎందుకు పనిచేసిందో తెలుసుకోవాలనుకున్నాను.

కరకంబాడి రోడ్డులో ఒక చిన్న షెడ్డు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు ప్లగ్ విప్పాడు. బాగున్న ప్లగ్ మొన లేత ఇటుక రంగులో ఉంటుంది. ఇది తెల్లగా ఉంది, అక్కడక్కడ పొక్కులు. 'చూడండి సార్, పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువైపోతా ఉండాది. కాలిపోతా ఉండాది లోపల' అన్నాడు. పైగా ఎప్పుడో ఎవరో వేరే కంపెనీ బండి ప్లగ్ బిగించేశారు. కార్బొరేటర్ విప్పితే పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ సన్న రంధ్రంలో పచ్చటి మురికి పేరుకుని ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మామూలుగానే కొంచెం ఎక్కువ ఇంధనం అందాలి. కంప్యూటర్ లేని కార్బొరేటర్ అది సర్దుకోలేదు, దానికి తోడు జెట్ మూసుకుపోయింది. హెడ్ దించి చూస్తే పిస్టన్ మీద నల్లటి కార్బన్ గట్టిగా పట్టి ఉంది. దాన్ని గోరుతో గీకితే రాలేదు, చెక్క పుల్లతో నూనె పెట్టి గీరాల్సి వచ్చింది. ఆ కార్బన్ ఎర్రగా కాగి ప్లగ్ కంటే ముందే మిశ్రమాన్ని వెలిగిస్తుంది, సిలిండరులో చోటు తగ్గించి ఒత్తిడి కూడా పెంచుతుంది.

అన్నీ శుభ్రం చేసి, సరైన ప్లగ్, కొత్త గాస్కెట్ వేసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే మామూలు పెట్రోలుతో భాకరాపేట పోయి వచ్చాం. చప్పుడు లేదు. జబ్బు బండిలో ఉంటే ప్రీమియం దాన్ని కొంత కప్పిపుచ్చిందన్నమాట. అలాగే పోయిస్తూ పోయుంటే జెట్ ఇంకా మూసుకుపోయి పిస్టనే పోయేది. 'పెట్రోలు మార్చే ముందు ప్లగ్ విప్పి చూడాల సార్, ప్లగ్ అంతా చెప్పేస్తాది' అని ఆయన అన్నదే నాకు ఈ మొత్తంలో బాగా పనికొచ్చిన మాట.

ప్రీమియం అమ్మేవాళ్ల మాటల్లో ఆక్టేన్ కాకుండా ఇంకోటి ఉంది, ఇంజను లోపల శుభ్రం చేసే రసాయనాలు. దీన్ని నేను కొట్టిపారేయను. అలాంటి రసాయనాలు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల మీద, వాల్వుల మీద మడ్డి పేరుకోకుండా చూస్తాయన్నది నిజం. అమెరికాలో టాప్ టియర్ అని 2004 నుంచి ఒక ప్రమాణం ఉంది. దాన్ని పాటించే బంకుల్లో మామూలు రకానికి కూడా ఆ శుభ్రత రసాయనం తగినంత కలపాలి, ఖరీదైన దానికి మాత్రమే కలిపితే కుదరదు. మన దగ్గర కంపెనీలు దాన్ని ప్రీమియం గొప్పగానే చెప్పుకుంటాయి. మన కార్లలో ఎక్కువ వాటికి పెట్రోలు వాల్వు వెనక పడుతుంది కాబట్టి ఆ రసాయనం వాల్వును కడుగుతుంది. నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్లలో పెట్రోలు వాల్వును తాకనే తాకదు, అక్కడ ఇంజెక్టరు మొన వరకే ఉపయోగం. బాగా తిరిగిన బండికి అప్పుడప్పుడు ఒక ట్యాంకు పోయించుకుంటానంటే నేను వద్దనను. ప్రతి ట్యాంకుకూ ఏడు శాతం కట్టడానికి ఆ కారణం చాలదు.

ఈ పనంతా చేస్తూ బంకుల్లో గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ఊరి బయట ఒక బంకులో నేను 'ఫుల్ ట్యాంక్' అని మాత్రమే అన్నాను, ఆ అబ్బాయి ఏదని అడక్కుండా ప్రీమియం నాజిల్ పెట్టేశాడు. డిస్‌ప్లేలో లీటరు ధర చూసి ఆపమంటే, నార్మల్ అయిపోయింది సార్ అన్నాడు. పక్క పంపులో స్కూటర్లకు నార్మలే పోస్తున్నారు. మేనేజర్ దాకా వెళ్తే 'పొరపాటు' అని తేలిపోయింది. అప్పటి నుంచి కారు దిగి నిలబడి, ముందు రకం చెప్పి, తర్వాత సున్నా, ఆ పక్కన లీటరు ధర, రెండూ చూసి పోయించుకుంటున్నాను. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపమని, కల్తీ ఉందేమో చూసే ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమని అడిగే హక్కు మనకుంది. బంకువాళ్లు ఆ పాత్ర, ఆ పేపరు దగ్గర ఉంచుకోవాలి. సాంద్రత కూడా అడిగితే చూపాలి. అడిగితే కోప్పడే బంకుకు మళ్లీ పోకండి.

మరి ఎవరికి అవసరం? పెట్రోలు మూత తెరిస్తే లోపల స్టిక్కరు ఉంటుంది. దాని మీద గానీ పుస్తకంలో గానీ 95 తప్పనిసరి అని ఉన్న టర్బో కార్లు, ఖరీదైన విదేశీ కార్లు, మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కే (ఎక్కువ కంప్రెషన్ ఉన్న) పెద్ద బైకులు ఉన్నవాళ్లు ఆ నంబరుకు తగ్గకూడదు. 97, 98 అడిగే బండికి మన 95 చాలదు, అలాంటివాళ్ల కోసమే 100 నంబరు పెట్రోలు ఉంది. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 పేరుతో 2020 డిసెంబరులో తెచ్చింది, అన్ని ఊళ్లలో దొరకదు, ధర కూడా చాలా ఎక్కువ. 'తప్పనిసరి' అన్నదానికీ 'వాడితే మంచిది' అన్నదానికీ తేడా ఉంది. రెండోది రాసి ఉంటే మామూలుది పోసినా ఇంజనుకు ప్రమాదం లేదు. కంప్యూటర్ టైమింగ్ సర్దుకుంటుంది, కాస్త శక్తి తగ్గుతుంది, అంతే.

మా బావ కారు మూత కూడా తెరిపించాను. ఈ20 అనే స్టిక్కరు ఉంది. పుస్తకంలో 91. ఆయన ఆ పేజీ రెండు సార్లు చదివి, 'సరే, టైర్లు మార్చే టైమొచ్చింది, ఈ డబ్బులు దానికి పెడతా' అన్నాడు.

మా ఆఫీసులో ఒకాయనకు టర్బో పెట్రోలు కారు ఉంది, ఆయన పుస్తకంలో 95 వాడితే మంచిదని ఉంది. మన ఎండల్లో, నలభై రెండు డిగ్రీల్లో, ఏసీ నిండుగా వేసి నలుగురితో పోయేటప్పుడు ఆ కారుకు ప్రీమియం వల్ల తేడా రావచ్చని నా అనుమానం. నా వాగనార్ లెక్కలు ఆయన కారుకు వర్తించవు. నా పద్ధతే రాసి ఇచ్చాను, ఈ ఏప్రిల్ నుంచి ఆయన ట్యాంకు ట్యాంకుకూ రాసుకుంటున్నారు.